ఖోర్ ఫక్కాన్‌లో రెండు లెక్కలు

సెలవుకి ఇంటికి వెళ్ళినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "అక్కడ బావుందా, ఇక్కడ బావుందా?" బావమరిది దగ్గర్నుంచి పక్కింటి పిన్నిగారి దాకా అందరూ అడుగుతారు. ఏ కాలం సంగతి అని మాత్రం ఎవరూ అడగరు.

నేనుండే ఖోర్ ఫక్కాన్ షార్జా ఎమిరేటుదే అయినా, హజర్ కొండలు దాటి ఒమన్ సముద్రం ఒడ్డుకి వస్తే గానీ కనపడదు. హార్ముజ్ జలసంధికి బయట ఉన్న లోతైన రేవు. 1979 నుంచి కంటెయినర్ టెర్మినల్ నడుస్తోంది. ఆ పెట్టెల లెక్కలు రాసే ఉద్యోగం నాది.

1507లో పోర్చుగీసు అల్బుకెర్క్ ఈ ఊరిని తగలబెట్టాడు. అప్పటికే ఇక్కడ గుజరాతీ వర్తకులు ఉండేవారని, మన దేశానికి ఓడలెక్కించే గుర్రాల కోసం పెద్ద పెద్ద సాలలు, గడ్డి కొట్టాలు ఉండేవని అతని కొడుకు కూర్చిన గ్రంథంలోనే ఉంది. ఆ తర్వాత రెండేళ్ళకి గద్దెనెక్కిన కృష్ణదేవరాయలు అరబ్బీ గుర్రాల కోసం ఎంత ధనం పోశాడో తెలుగువాళ్ళకి నేను చెప్పాలా! హైదరాబాదులో 'బస్రా ముత్యాలు' అని మురిసిపోయినవీ ఈ గల్ఫు నీళ్ళలో మునిగి తీసినవే. సరుకు ఇటునుంచి అటు, డబ్బు అటునుంచి ఇటు. జపాను పెంపుడు ముత్యాలూ, 1930ల ఆర్థిక మాంద్యమూ కలిసి ఆ బతుకుతెరువుని తుడిచిపెట్టాక, ఈ తీరం వాళ్ళే కువైట్‌కి కూలికి వెళ్ళారు.

మా అబ్బాయి నమ్మడు గానీ, 1966 దాకా ఇక్కడ చెల్లింది రూపాయే. 1959 నుంచి మన రిజర్వు బ్యాంకు గల్ఫు కోసం ప్రత్యేకంగా వేరే రంగు నోట్లు అచ్చువేసేది. 1966 జూన్‌లో ఢిల్లీ రూపాయి విలువ తగ్గించింది. ఈ ఎమిరేట్లు మన రూపాయికి దణ్ణం పెట్టేశాయి. దిర్హమ్ వచ్చింది 1973లో. ఆ అరవైలలోనే మలయాళీలు దొంగచాటుగా పడవల్లో వచ్చి, ఈ ఒడ్డుకి దూరంగా దిగి ఈదుకుంటూ చేరేవారు. 2015లో వచ్చిన 'పత్తేమారి' సినిమాలో చూపించింది వాళ్ళ కథే. మనవాళ్ళు, అంటే కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల వాళ్ళు, ఆ తర్వాత విమానాల్లో వచ్చారు, చాలామంది అప్పులు చేసి.

ఇక నేటి లెక్క. ఐక్యరాజ్యసమితి 2025 మానవాభివృద్ధి నివేదికలో ఎమిరేట్స్‌ది 15వ స్థానం, మనది 130. ఆయుర్దాయం, చదువు, ఆదాయం కలిపి వేసిన లెక్క అది. తప్పనను. ఇక్కడ కరెంటు పోవడం నేను మర్చిపోయాను. మా ఆవిడ రాత్రి పదకొండింటికి ఒక్కతే కార్నిష్ మీద నడిచి వస్తుంది. అయితే అబ్బాయి ఇక్కడే పుట్టాడు, 'మన ఊరు' అంటే వాడికి ఇదే. వచ్చే ఏడు నా ఉద్యోగం అయిపోతుంది, దానితో నా వీసా కూడా. వాడికి ఎలా చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

ఈ మధ్య జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోయాడు. 2001లో వచ్చాడు. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు. ముందు రోజు అతని గదిలో కూర్చుని లెక్క వేశాం. ఇరవై నాలుగేళ్ళలో ఇంటి దగ్గర ఉన్నది ఇరవై రెండు నెలలు. కరోనా అప్పుడు ఒక సెలవు పోయింది. కూతురి పెళ్ళికి ఉన్నాడు, పుట్టినప్పుడు లేడు.

"ఏడ మంచిగుంది మేస్త్రీ?" అని అతని మాటలోనే అడిగాను.

"ఈడనే మంచిగుంది అన్నా. పైసలు పంపిన, ఇల్లు కట్టిన, బిడ్డ డిగ్రీ చదివింది. అబద్ధమెందుకు!" అన్నాడు. కాసేపాగి, "ఇంట్ల ఏ స్విచ్ ఏడుందో నాకు ఎర్కలేదు" అని నవ్వాడు.

అట్టపెట్టెలకి తాడు కట్టడంలో సాయం చేశాను. పెట్టె మీద మార్కరుతో ఊరిపేరు రాసి, కింద కరీంనగర్ జిల్లా అని రాశాడు. అతను వచ్చేనాటికి అదే జిల్లా. 2016లో మారిన సంగతి గుర్తొచ్చి, కొట్టేసి జగిత్యాల అని రాశాడు.