బేగంపేట విమానశిక్షణయందు చలనచిత్రము: స్థిరత్వపాఠమునకు పునర్విచారము

రెండవ ప్రపంచ యుద్ధకాలమునాటి వైమానిక శిక్షణాచిత్రములు పాఠ్యగ్రంథములకు కదలెడి బొమ్మల అనుబంధములే గాని వాటికి స్వతంత్రమైన బోధనాశక్తి లేదని పూర్వపరిశోధకు డొకరు తేల్చివేసిరి. ఆ నిర్ణయము నాకు ఏనాడును సమ్మతము కాలేదు. అబిడ్సులో ఆదివారమునాడు మూసిన దుకాణముల ముంగిట పరచెడి పాత పుస్తకములలో విమానశాస్త్ర గ్రంథము చేతికి తగిలినప్పుడెల్ల స్థిరత్వాధ్యాయమును తెరచి చూచుచుంటిని. గిన్నె అడుగున నిలిచిన గోలీ, బోర్లించిన గిన్నెపై గోలీ, చదునైన బల్లపై గోలీ, ఈ మూడు బొమ్మలే మరల మరల కానవచ్చినవి. చెదరిన విమానము యథాస్థితికి మొగ్గునా లేదా యన్నంతవరకే ఈ బొమ్మలు చెప్పగలవు. ఎంతసేపటికి, ఎన్ని ఊగులాటల పిమ్మట అది కుదుటపడునో చెప్పుట వాటి తరము గాదు.

యుద్ధకాలమున హైదరాబాదు బేగంపేటలోని ప్రాథమిక వైమానిక శిక్షణా పాఠశాలయందు విద్యార్థులు ఎక్కినది టైగర్‌మాత్. 1931లో తొలిసారి ఎగిరిన ఆ జంటరెక్కల విమానమునకు 130 అశ్వశక్తుల ఇంజను. గురువు ముందు, శిష్యుడు వెనుక, ఇరువురి నడుమ మాటలాడుటకు ఒక గొట్టము. ముందు కూర్చున్నవాడు పారాచ్యూట్‌తో దుముకునప్పుడు అడ్డు తగులకుండుటకై పైరెక్క నడిమిభాగమును ముందుకు జరిపిరి. అందువలన చెడిన తూకమును దిద్దుటకై రెక్కల కొనలను వెనుకకు వాల్చిరి. గిరగిర తిరుగుచు క్రిందికి పడెడి స్పిన్‌లో చిక్కినప్పుడు తేరుకొనుట కష్టమగుచున్నదని 1941లో తోకవద్ద పలుచని పట్టీలను చేర్చిరి.

ఇట్టి విమానమును గంటకు సుమారు 108 కిలోమీటర్ల వేగమున చేయి పట్టకయే నిలుచునట్లు ట్రిమ్ చేసి, నియంత్రణ కర్రను ఒక్కసారి వెనుకకు లాగి విడిచినచో, ముక్కు పైకి లేచి వేగము తగ్గును, వేగము తగ్గగా ముక్కు వాలును, వాలగా వేగము హెచ్చి ముక్కు మరల లేచును. విమానశాస్త్రజ్ఞుడు లాంచెస్టర్ తన 1908నాటి గ్రంథమున ఫ్యూగాయిడ్ అని వ్యవహరించిన ఊగులాట ఇదియే. ఆయన సరళగణితము ననుసరించి దీని ఆవృత్తికాలము వేగముమీదనే ఆధారపడును. ఇచ్చట అది సుమారు 14 సెకన్లు. సెకనుకు 24 చొప్పున 336 బొమ్మలు. 16 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 40 బొమ్మలు గనుక దాదాపు ఎనిమిదిన్నర అడుగుల నిడివి. కాగితముపై ఒక అలగీత దీనికి చాలునని పూర్వపరిశోధకుని వాదము. అలగీతను కన్ను ఒక్క చూపున దాటిపోవును. తెరముందర కూర్చున్నవాడు మాత్రము ఆ 14 సెకన్లను కూర్చుండియే గడపవలెను. కొత్తవాడు చేయు తప్పు సరిగా ఇచ్చటనే యున్నది: ముక్కు లేచినంతనే కర్రను ముందుకు త్రోయును, వాలినంతనే లాగును, తానై చల్లారవలసిన ఊగులాటను తన తొందరపాటుతో పెంచును. చేయి తగులని కర్రయు, తానుగా కుదురుకొనుచున్న దిక్చక్రరేఖయు తెరపై చూచినవానికి, ఆగుట కూడ ఒక నైపుణ్యమేనని బోధపడును. కర్ర చేతబట్టినగాని ఏ పాఠమును ఒంటబట్టదని అనుభవజ్ఞులు చెప్పుటయు నిజమే. అయినను, షెల్ ఫిల్మ్ యూనిట్ 1947లో తీసిన ‘హౌ యాన్ ఏరోప్లేన్ ఫ్లైస్’ చిత్రమాలలో స్థిరత్వమునకు ప్రత్యేకముగా ఒక భాగమునే కేటాయించుట చూడగా, ఈ విషయము చలనచిత్రమును కోరుచున్నదని నిర్మాతలును గుర్తించిరనుట స్పష్టము.

హైదరాబాదు సినిమా చరిత్రను వ్రాయువారు అబిడ్సు నుండి నాంపల్లి వరకు హాళ్ళను లెక్కించి, జమ్రుద్ మహల్ వైభవమును వర్ణించి, అంతటితో ఆగుదురు. శిక్షణాశాలలలోని టికెట్టు లేని తెరలు వారి లెక్కకు రావు. ఇది సామాన్యమైన లోపము గాదు, ఏలననగా ఈ నగరమున చలనచిత్రము వినోదమునకు మాత్రమే గాక కంటికిని చేతికిని శిక్షణ నిచ్చుటకును ఉపయోగపడిన సాధనమని నా నిశ్చయము. విమానము మారినప్పుడు ఆ శిక్షణ నిలుచునా యన్నది చూడవలెను. 1951 ఆగస్టు 5న తొలిసారి ఎగిరిన భారతీయ శిక్షణాయంత్రము హెచ్‌.టి.-2 ఒంటిరెక్కల విమానము. దాని పోకడ టైగర్‌మాత్ పోకడ గాదు. టైగర్‌మాత్ నుండి దానికి మారిన వైమానికులకు, యంత్రము మారినను, కర్రను వదలి నిరీక్షించు ఓర్పు మారలేదు. ఆ ఓర్పును వారికి ముందుగా నేర్పినది చీకటిగదిలోని తెరయేనని నా నమ్మకము.