డిజిటల్ గ్రంథనిధులలో సర్వర్ దోషాలు: డీస్పేస్ చరిత్ర ఆధారంగా ఒక పరిశీలన

అడిగిన పుస్తకం అరలో లేనప్పుడు అది ఎరవు పోయిందా, చెదల పాలయిందా, తప్పు అరలో చేరిందా అని గ్రంథపాలకుడు విచారిస్తాడు. డిజిటల్ గ్రంథనిధిలో అటువంటి సందర్భంలో పాఠకుడికి తరచుగా కనిపించేది 500 అనే సంఖ్య. సర్వర్ లోపల ఏదో తప్పిందని మాత్రమే దాని అర్థం. గ్రంథం నశించిందా, దానిని చేరే దారి మాత్రమే మూసుకుపోయిందా అన్న భేదం ఆ సంఖ్యవల్ల తెలియదు. ఆ భేదాన్ని గుర్తించే పద్ధతులు ఎలా రూపొందాయో డీస్పేస్ సాఫ్ట్‌వేర్ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

అమెరికాలోని ఎంఐటీ గ్రంథాలయాలు, హ్యూలెట్-ప్యాకార్డ్ పరిశోధనశాల కలిసి నిర్మించిన డీస్పేస్ 2002 నవంబరులో వెలువడింది. యూజీసీ 2009 నిబంధనల అనంతరం సిద్ధాంత గ్రంథాలను భద్రపరుస్తున్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధగంగకూ ఇదే ఆధారం. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలలో వెలువడిన సిద్ధాంత గ్రంథాలు అనేకం అక్కడ ఉన్నాయి కనుక ఈ సాఫ్ట్‌వేర్ నడక తెలుగు పరిశోధనకు పరాయి విషయం కాదు.

డీస్పేస్‌లో ఒక గ్రంథం మూడు చోట్ల ఉంటుంది. అసలు ఫైలు ఒక డిస్కులో, శీర్షిక, రచయిత మొదలైన వివరాలు డేటాబేస్‌లో, అన్వేషణకు కావలసిన పదాలు సూచీలో. సూచీ చెడితే వెతికిన గ్రంథం దొరకదు. కాని డేటాబేస్, ఫైళ్లు ఉన్నంతవరకు సూచీని మళ్లీ నిర్మించుకోవచ్చు. డేటాబేస్ పోవడం వేరు. డిస్కులోని ఫైలుకు శీర్షిక ఉండదు, ఒక పొడవైన అంకె మాత్రమే పేరుగా ఉంటుంది. వివరాలు పోయిన నిధి గద్యలు లేని తాళపత్రాల కట్టల వంటిది: ప్రతి ఒక్కటి ఉంటుంది, ఏది ఎవరిదో తెలియదు. 2010లో వచ్చిన 1.7 వెర్షన్ ఫైలును, దాని వివరాలను ఒకే పొట్లంగా కట్టి భద్రపరచే విధానాన్ని ప్రవేశపెట్టడం ఈ ప్రమాదానికి విరుగుడు. ఫైలు బైట్లు మారాయా అని పరీక్షించే సాధనం అంతకుముందే 1.4లో చేరింది.

తొలి వెర్షన్లలో అంతర్గత దోషం ఏర్పడితే నిర్వాహకుడికి ఈమెయిల్ వెళ్లే ఏర్పాటు ఉండేది; వివరాలు ఆనాటి తేదీతో ఉన్న లాగ్ ఫైలులో నమోదయ్యేవి. జావాకు కేటాయించిన మెమరీ చాలకపోవడం, డేటాబేస్ అనుసంధానాలు అయిపోవడం తరచు ఎదురయ్యే కారణాలు. టామ్‌క్యాట్‌ను ఆపి తిరిగి నడిపితే నిధి తెరుచుకుంటుంది. లాగ్ చదవకుండా ఇలా చేయడం చికిత్స కాదు. రద్దీ పెరిగిన మరునాడు అదే దోషం తిరిగి వస్తుంది.

2021లో వచ్చిన 7వ వెర్షన్ పాఠకుడు చూసే ముఖభాగాన్ని, వెనుక నడిచే సర్వర్‌ను పూర్తిగా వేరుచేసింది. దానితో దోషస్థానమే మారింది. వెనుక సర్వర్ ఆరోగ్యంగా ఉన్నా, దాని చిరునామా ముఖభాగంలో తప్పుగా నమోదయితే, లేదా భద్రతా ధ్రువపత్రం చెల్లకపోతే, పాఠకుడికి కనిపించేది మళ్లీ 500. రెండు భాగాలూ పనిచేస్తూనే ఉంటాయి. తెగినది వాటి మధ్య మాట.

తెలుగుకు సంబంధించినంతవరకు 500 కన్నా మౌనంగా జరిగే దోషం ఎక్కువ హాని చేయగలదు. టామ్‌క్యాట్ 7, అంతకు ముందరి వెర్షన్లు చిరునామాలోని అక్షరాలను యూటీఎఫ్-8గా కాక లాటిన్ లిపిగా చదివేవి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. అమరిక ఫైలులో ఒక్క పదం చేర్చడం మరిచిన చోట, పాఠకుడు టైపు చేసిన ప్రతి అచ్చూ హల్లూ గుణింతపు గుర్తూ మూడు అపరిచిత చిహ్నాలుగా మారి అన్వేషణకు వెళ్లేది. టామ్‌క్యాట్ 8 నుంచి యూటీఎఫ్-8 సహజమైన అమరిక అయింది. ఈ దోషంలో హెచ్చరిక రాదు, లాగ్‌లో ఫిర్యాదు ఉండదు, ఆంగ్ల శీర్షికలు యథాప్రకారం దొరుకుతూనే ఉంటాయి. సున్నా ఫలితాలు చూసిన పాఠకుడు ఆ తెలుగు గ్రంథం నిధిలో చేరనే లేదనుకొని వెళ్లిపోతాడు.