‘అడ్జస్ట్ చేసుకో’ ఎక్కడి మాట?

కల్లూరు నుంచి కర్నూలు ఊళ్లోకి పోయే షేర్ ఆటోలో వెనక సీటు ముగ్గురికి. నాలుగో మనిషి కాలు లోపల పెట్టగానే డ్రైవరు వెనక్కి తిరక్కుండానే అంటాడు: "రోంత అడ్జస్ట్ చేసుకోన్నా." ముగ్గురూ ఒళ్లు ముడుచుకుంటారు, ఒకాయన సంచి ఒళ్లోకి తీసుకుంటాడు, ఆటో కదులుతుంది. ఇదే మాట లండన్ బస్సులో అంటే చొక్కా కాలరు సరిచేసుకోమంటున్నారేమో అనుకుంటారు. ఇంగ్లీషువాళ్లు అద్దాన్నో బెల్టునో గడియారాన్నో అడ్జస్ట్ చేస్తారు, కొత్త వాతావరణానికి అడ్జస్ట్ అవుతారు. పక్కవాడికి చోటివ్వడానికి ఆ క్రియ వాడరు. మరి ఈ అర్థం మనకెక్కడిది? ‘సర్దు’ నుంచి వచ్చిందని నా వాదన. శబ్దం ఇంగ్లీషుది, లోపలి క్రియ తెలుగుది.

‘సర్దు’ చేసే పనులు చూడండి. పెట్టె సర్దుతాం. బస్సులో సర్దుకుని కూర్చుంటాం. అత్తగారితో పొసగకపోతే సర్దుకుపొమ్మంటారు. ఫీజు గడువు ముంచుకొస్తే "ఓ రెండు వేలు సర్దుతావా?" అని స్నేహితుణ్ణి అడుగుతాం. ఈ నాలుగు చోట్లా ‘అడ్జస్ట్’ పెట్టి చూస్తే, మొదటిది తప్ప మిగిలిన మూడూ రోజూ వినేవే. పెళ్లిచూపుల్లో "మా అమ్మాయి అడ్జస్ట్ అయిపోతుంది" అన్నా, "ఒకటో తారీకుదాకా రెండు వేలు అడ్జస్ట్ చెయ్యి" అన్నా వివరణ అక్కర్లేదు. ఇంగ్లీషులో మాత్రం అప్పివ్వడం అన్న అర్థం ఈ క్రియకు లేదు. పద్దుల భాషలో ఒక లెక్కను ఇంకో లెక్కలో సరిపెట్టడమన్న అర్థం ఉందనేది నిజమే. జీతంలోంచి అడ్వాన్సు అడ్జస్ట్ చేశారంటే అది ఆఫీసు కాగితాల మీదుగా వచ్చినదే. కానీ స్నేహితుడు అడిగేది పాత లెక్క తేల్చమని కాదు, జేబులోంచి కొత్తగా తీసిమ్మని. అది ‘సర్దు’ మాత్రమే చేసే పని.

వ్యాకరణమూ అదే చెబుతుంది. ఇంగ్లీషు క్రియ తెలుగులోకి క్రియగా రాదు. ఉత్త మాటగా వస్తుంది, పని మన ‘చేయు’, ‘అవు’ చేస్తాయి. ఇదేమీ కొత్త అలవాటు కాదు. కర్నూలు 1839 దాకా నవాబుల ఏలుబడి. అప్పటి పాలనలోని ఉర్దూ, పారశీ మాటల నుంచి జప్తు చేయడం, రద్దు చేయడం, వసూలు చేయడం, హాజరు కావడం ఇలా ఏర్పడినవే. కడపలో 1820లో ఉద్యోగంలో చేరిన సి.పి. బ్రౌన్, ఇలా కలిసిపోయిన అన్యదేశ్యాల కోసమే 1854లో మిశ్రభాషా నిఘంటువు వేశాడు. ‘సర్దు’కూ ‘సర్దుకో’కూ ఉన్న తేడా ‘అడ్జస్ట్ చేయి’, ‘అడ్జస్ట్ చేసుకో’ల మధ్య చెక్కుచెదరకుండా నిలిచింది. ఆ ‘కో’ ఇంగ్లీషు ఇచ్చింది కాదు.

బెంగుళూరులో ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’ అంటారు, హిందీవాళ్లూ ఇలాగే అంటారు, ఒక్క తెలుగు ‘సర్దు’కే పుట్టిందనడం ఎలా కుదురుతుందని అడగొచ్చు. కుదరదు, నేను అలా అనడమూ లేదు. కన్నడంలో ‘మాడ్కొళ్ళి’, తమిళంలో ‘పణ్ణిక్కోంగ’ ఉన్నాయి. తనకోసం తాను చేసుకోవడమనే రూపం ఎవరిది వాళ్లకుంది. మాట ముందు ఏ ఊళ్లో పుట్టిందన్నది వేరే ప్రశ్న. తెలుగులో అది అంత సులువుగా ఇమిడిందంటే ఆ చోటు ‘సర్దు’ ముందే సిద్ధం చేసి ఉంచింది. ఇంకొందరు దీని లాటిన్ మూలం చూపిస్తారు: ‘ఆడ్’ అంటే వైపు, ‘యుక్‌స్టా’ అంటే దగ్గర. పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరిన ఈ మాటకు మొదటి అర్థం దగ్గరికి జరపడమేనట! ఆటో డ్రైవరు లాటిన్‌కు తిరిగి ప్రాణం పోశాడనుకోవడం సరదాగానే ఉంటుంది గానీ, అది కాకతాళీయం. ఆ అర్థం ఇంగ్లీషులోనే ఎప్పుడో అణగిపోయింది, అక్కణ్ణుంచి మనకు వచ్చే దారి లేదు.

‘సర్దుకో’ ఉండగా ఇది దేనికని భాషాభిమానులు కోప్పడతారు. ముక్కూమొహం తెలియనివాణ్ణి ‘సర్దుకో’మంటే కాస్త పెద్దరికం చేసినట్టుంటుంది, ఇంగ్లీషు మాట ఆ మొరటుదనాన్ని తగ్గిస్తుంది. పెళ్లిచూపుల్లో అదే మెత్తదనం కోడలి మీద పడబోయే బరువును కప్పిపెడుతుంది, అదొక్కటి నాకు నచ్చదు. ఏమైనా, ఈ మాటను తప్పుడు ఇంగ్లీషని దిద్దడం మాత్రం అనవసరం. తెలుగు నిఘంటువులో ‘సర్దు’ పక్కన దీనికి చోటివ్వాలి.