శాసనాంతంలో స్వామి చేవ్రాలు – రాజ్యముల ఉత్థానపతనములు, ఈశ్వరాధిపత్యము

విజయనగర ప్రభువుల తామ్రశాసనాలను పరిశీలించినవారికి ఒక విశేషం గోచరిస్తుంది. శాసనంలో రాజవంశావళి, బిరుదావళి, దానమిచ్చిన గ్రామం, దాని ఎల్లలు అన్నీ సవిస్తరంగా ఉంటాయి. కానీ చివర చేవ్రాలు ఉండవలసిన చోట రాజు పేరు ఉండదు. "శ్రీ విరూపాక్ష" అని మాత్రమే ఉంటుంది. 1336 ప్రాంతంలో హరిహర బుక్కరాయలు స్థాపించిన రాజ్యంలో ఈ సంప్రదాయం వేళ్ళూనినది. శ్రీకృష్ణదేవరాయల తామ్రశాసనాలు సైతం ఆ నామంతోనే ముగుస్తాయి. దీని భావం స్పష్టం. భూమి స్వామిది. రాజు ఆ సొత్తును న్యాసంగా స్వీకరించి పాలించే సేవకుడు మాత్రమే.

ఇక్కడ భక్తుని మనస్సులో ఒక సందేహం ఉదయిస్తుంది. స్వామి పేరిట సాగిన రాజ్యం 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధంలో ఎందుకు కూలినది? మహానగరం ఎందుకు శిథిలమైనది? ఈశ్వరునికి రక్షించే శక్తి లేదనాలా, లేక దయ లేదనాలా?

ఈ పూర్వపక్షం కొత్తది కాదు. బ్రహ్మసూత్రాలలో బాదరాయణ మహర్షి దీనినే విచారించి, ఈశ్వరునియందు పక్షపాతము గానీ క్రూరత్వము గానీ లేవనీ, జీవుల కర్మను అపేక్షించియే ఆయన సృష్టి చేస్తాడనీ నిర్ణయించారు. శంకర భగవత్పాదులు తమ భాష్యంలో వర్షాన్ని దృష్టాంతంగా చూపారు. వాన అన్ని పైరులకూ సమానమే. వరి వరిగా, యవ యవగా పెరగడానికి ఆయా బీజములే విశేష కారణం.

ఇక చరిత్రను చూద్దాం. సదాశివరాయలు సింహాసనంపై నామమాత్రంగా ఉండగా, అధికారమంతా అళియ రామరాయల చేతిలో నడిచినది. ఆయన సమర్థుడు, పరాక్రమశాలి. గోల్కొండ రాజకుమారుడు ఇబ్రహీం కుతుబ్ షా ప్రాణభయంతో వచ్చినప్పుడు విజయనగరంలో ఆశ్రయమిచ్చినది ఆయనే. కానీ దక్కను సుల్తానులలో ఒకరిపై మరొకరిని నిలిపి, ఒకప్పుడు ఒకరి పక్షం, మరొకప్పుడు వేరొకరి పక్షం వహించిన ఆయన నీతి చివరకు అందరినీ ఏకం చేసినది. బీజాపురం, అహ్మద్‌నగరం, గోల్కొండ, బీదరు సేనలు కలిసివచ్చాయి. ఆశ్రయం పొందిన ఇబ్రహీం కూడా శత్రుపక్షంలోనే నిలిచాడు. రామరాయలు రణరంగంలోనే హతుడైనాడు. ఇవన్నీ మానవులు నాటిన బీజములే.

అయితే ఒక జాగ్రత్త అవసరం. నగరంలో సర్వస్వం కోల్పోయిన శిల్పులను, వర్తకులను, స్త్రీలను, బాలురను చూపి "అది వారి పాపఫలం" అని తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. కర్మగతి గహనం. పాలకుని అహంకారానికి ప్రజలు మూల్యం చెల్లిస్తారు. రాజధర్మాన్ని మన పెద్దలు అంత కఠినంగా విధించడానికి కారణం ఇదే.

గెలిచినవారి సంగతి ఏమిటి? 1619లో బీదరును బీజాపురమే కబళించినది. 1636లో అహ్మద్‌నగర రాజ్యం అంతరించినది. 1686లో బీజాపురము, 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాయి. 1707లో ఆయన మరణించిన పిమ్మట మొగల్ సామ్రాజ్యమూ క్షీణించినది. కనుక ఓటమి దైవనిరాకరణకు గుర్తు కానట్లే, గెలుపు దైవానుగ్రహానికి ప్రమాణం కాదు. కేనోపనిషత్తులో దేవతలు తమ విజయం తమదేనని గర్వించినప్పుడు యక్షరూపంలో బ్రహ్మము సాక్షాత్కరించినది. అగ్ని ఒక్క గడ్డిపోచను కాల్చలేకపోయాడు, వాయువు దానిని కదల్చలేకపోయాడు. ఆ విజయం బ్రహ్మముదని ఇంద్రునికి ఉమాదేవి తెలిపినది.

మహాభారతం శాంతిపర్వంలో రాజ్యభ్రష్టుడైన బలి గార్దభరూపంలో శూన్యగృహంలో ఉండగా ఇంద్రుడు వచ్చి పరిహసిస్తాడు. బలి కలత చెందడు. ఇది కాలం చేసిన పని అనీ, నీకు పూర్వం ఎందరో ఇంద్రులు గతించారనీ సమాధానమిస్తాడు. అనంతరం బలిని వీడి వెలువడిన లక్ష్మి, సత్యం, దానం, వ్రతం, తపస్సు, పరాక్రమం, ధర్మం ఉన్నచోటనే తాను నివసిస్తానని చెబుతుంది. కాలానికి అధిపతి ఈశ్వరుడు. లక్ష్మి నిలిచే చోటును సిద్ధం చేయడం మాత్రం మన వంతు.

యుద్ధానంతరం తిరుమలరాయలు పెనుకొండకు చేరి రాజ్యశేషాన్ని నిలిపారు. ఆరవీటి ప్రభువుల శాసనాలలో చేవ్రాలు "శ్రీ వేంకటేశ" అయినది. హంపిలో విఠలస్వామి ఆలయం నేడు పూజలు లేక నిలిచి ఉన్నది. విరూపాక్షునికి మాత్రం నిత్యార్చన జరుగుతున్నది, చైత్రమాసంలో పంపాదేవితో కల్యాణం జరుగుతున్నది. దేవాలయం నిలవడం, కూలడం అనే కొలతతోనూ భగవంతుని ప్రభుత్వాన్ని కొలవలేము.

స్వామి నామాన్ని చేవ్రాలుగా ఉంచడం రక్షణపత్రం కాదు, అది బాధ్యతను అంగీకరించడం. ఇల్లైనా, గ్రామమైనా, దేశమైనా మన చేతికి వచ్చిన అధికారం న్యాసమే. కింద స్వామి పేరు ఉన్నప్పుడు, పైన మనం వ్రాసే ప్రతి మాటా ఆయన సమ్మతించదగినదై ఉండాలి.