నారింజ రసం కోసం

1984 నవంబర్ 12న, నార్త్ కరోలినాలోని షార్లెట్ నగరంలో, డెథార్న్ గ్రాహం అనే మధుమేహ రోగికి తన రక్తంలో చక్కెర పడిపోతున్నట్లు తెలిసింది. స్నేహితుడి కారులో నారింజ రసం కొనుక్కోవడానికి దగ్గరి దుకాణానికి వెళ్ళాడు. అక్కడ వరుసలో చాలామంది ఉన్నారు. నిలబడే వ్యవధి లేక గబగబా బయటికి వచ్చి, మరో మిత్రుని ఇంటికి పోనిమ్మన్నాడు. ఆ తొందరే కానర్ అనే పోలీసు అధికారికి అనుమానం కలిగించింది. అరమైలు వెంబడించి కారు ఆపాడు.

ఇది చక్కెర తగ్గడం వల్లనేనని స్నేహితుడు చెప్పాడు. ఆ మాట చెవికెక్కలేదు. గ్రాహం కారు దిగి, దాని చుట్టూ రెండుసార్లు పరుగెత్తి, రోడ్డు అంచున కూలబడి కాసేపు స్పృహ తప్పాడు. సాయానికి వచ్చిన పోలీసుల్లో ఒకడు, చక్కెర జబ్బువాళ్ళను చాలామందిని చూశాననీ, ఎవరూ ఇలా ప్రవర్తించలేదనీ, ఇది తాగిన మైకమేననీ తేల్చేశాడు. పర్సులో మధుమేహపు గుర్తు ఉంది, చూడమని రోగి వేడుకుంటే, నోరు మూయమని ముఖాన్ని బానెట్‌కేసి నెట్టారు. మిత్రుడొకడు తెచ్చిన నారింజ రసాన్ని తాగనివ్వలేదు. దుకాణంలో ఏ నేరమూ జరగలేదని కబురు అందాక ఇంటి దగ్గర వదిలేశారు. అప్పటికి అతని పాదం విరిగి ఉంది.

ఆ పోలీసును మోసగించింది అజ్ఞానం కాదు, అరకొర అనుభవం. చెమట, వణుకు, గుండెదడ అడ్రినలిన్ పంపే హెచ్చరికలు. ఏళ్ళ తరబడి ఇన్సులిన్ వాడేవారిలో ఒక్కోసారి అవి రానే రావు. నేరుగా మెదడే తడబడుతుంది: మాట ముద్దగా వస్తుంది, కారణంలేని కోపం పుడుతుంది, కొందరికి పక్షవాతంలా ఒక పక్క పడిపోతుంది. అందుకే ఇవాళ అమెరికా అత్యవసర విభాగాల్లో, పక్షవాతానికి రక్తపు గడ్డను కరిగించే మందు ఎక్కించేముందు చక్కెర పరీక్ష తప్పనిసరి.

1930లలోనే న్యూయార్క్ శస్త్రవైద్యుడు ఎలెన్ విపుల్, క్లోమంలోని కణితి కోసం కత్తి పట్టేముందు మూడు షరతులు పెట్టాడు. లక్షణాలు కనిపించాలి, ఆ వేళకు చక్కెర తక్కువగా ఉండాలి, చక్కెర ఇస్తే లక్షణాలు తొలగాలి. ఆ మూడోది షార్లెట్‌లో ఒక్క గ్లాసు రసంతో తేలిపోయేది.

గ్రాహం దావా వేశాడు. 1989 మే 15న అమెరికా సుప్రీంకోర్టు, బలప్రయోగాన్ని ఆ క్షణంలో అక్కడున్న వివేకవంతుడైన అధికారి దృష్టితోనే తూచాలని తీర్పిచ్చింది. పోలీసు హింసపై నేటి ప్రతి వాదంలోనూ 'గ్రాహం వర్సెస్ కానర్' పేరు వినిపిస్తుంది. చక్కెర ప్రసక్తి మాత్రం అరుదు. కేసు తిరిగి కింది కోర్టుకు వెళ్ళింది. అక్కడ జ్యూరీ పోలీసుల పక్షానే తీర్పు చెప్పింది.