నీరు వదలక ముందు లెక్క

గౌతమీ గోదావరి ఒడ్డున, కోటిపల్లికి ఎదురుగా ఉన్నది ముక్తేశ్వరము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తి అయిన నాటి నుండి కోనసీమకు కాలువలే ప్రాణము. వానిలో ఏటేటా పూడిక చేరును. వేసవిలో కాలువలు కట్టినప్పుడు దానిని తీయించవలెను, తీసినవారికి కూలి ఇయ్యవలెను, ఇచ్చిన కూలికి లెక్క వ్రాయవలెను.

ఒక కాలువలో 100 మీటర్ల పొడవున, 2 మీటర్ల వెడల్పున, అర మీటరు లోతున పూడిక తీసినట్లు కొలతల పుస్తకములో ఉన్నదనుకొందము. అనగా 100 ఘనమీటర్ల మట్టి. టేపు చేతనున్న తొమ్మిదవ తరగతి విద్యార్థి సైతము దీనిని సరిచూడగలడు. అయితే నీరు వదలిన పిమ్మట ఇది ఎవరి తరమూ కాదు. లెక్క బయటపడుట ఎంత ముఖ్యమో, సకాలములో బయటపడుట అంత ముఖ్యము.

పూర్వము గ్రామపు భూమి లెక్కలు కరణము వద్ద ఉండెడివి. అడంగలులో ఏమున్నదో తెలియవలెనన్న రైతు ఆయన గుమ్మము ఎక్కవలసినదే. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణము, మునసబు పదవులు రద్దయినవి. పుస్తకము ఇల్లు మారినదే గాని, తెరచుకొనలేదు.

ప్రభుత్వ పత్రములు చూచు హక్కును స్వీడన్ దేశము 1766లోనే శాసనములో చేర్చినది. 1789 నాటి ఫ్రెంచి హక్కుల ప్రకటన ప్రతి అధికారిని లెక్క అడుగు హక్కు సమాజమునకు గలదన్నది. మన దేశములో ఆ హక్కుకై పోరాడినవారు కూలివారు. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లో అరుణా రాయ్ మొదలగువారి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మస్టర్లను ఊరి నడుమ పైకి చదివించినది. పని చేయనివారి పేర్లు వినపడినప్పుడు జనమే లేచి తప్పు పట్టినారు.

సమాచార హక్కు చట్టము 2005 అక్టోబరు 12 నుండి అమలులోనికి వచ్చినది. గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైనది. దీనికై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ చేత ఒక కంప్యూటరు ఏర్పాటు చేయించినది. మండల కార్యాలయములో మస్టరు, కొలతలు యంత్రమునకు ఎక్కించిన తరువాతనే కూలి చెల్లింపు ఉత్తర్వు వెలువడెడిది. ఆ నమోదైన లెక్కయే వెబ్‌సైటుకు చేరెడిది. జాబ్ కార్డు సంఖ్యను బట్టి ఎవరికి ఎన్ని దినముల కూలి ముట్టినదో ఎవరైనను చూడవచ్చును. అమెరికా కేంద్ర ప్రభుత్వము తన ఖర్చుల వెబ్‌సైటును తెరచినది 2007 డిసెంబరులో. ఆ సంవత్సరముననే మన తూర్పుగోదావరి జిల్లా ఈ పథకములో చేరినది. ముక్తేశ్వరము ఉన్న అయినవిల్లి మండలపు లెక్కలు నాడు ఆ జిల్లా పేరుననే ఉండెడివి. కోనసీమ వేరు జిల్లా అయినది 2022లో.

యంత్రము మాత్రము తనకు చెప్పినదే చూపును. దొంగపేరు ఎక్కించిన, దానిని అందమైన అక్షరములలో ప్రపంచమంతటికి చూపును. పైగా పలుగు పార పట్టిన కూలివారిలో వెబ్‌సైటు తెరచువారు ఎందరు? అందుచేత చట్టములోని 17వ విభాగము సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించినది. కూలి కుటుంబములలోని చదువుకొన్న యువకులు, యువతులు శిక్షణ పొంది, లెక్కల ప్రతులు పట్టుకొని ఇంటింటికి తిరిగినారు. “ఇన్ని దినములు పనిచేసినావా అమ్మా? ఇంత ముట్టినదా?” అని అడిగినారు. పని జరిగిన చోటికి పోయి కొలతలు వేసినారు. తేలిన సంగతులను గ్రామసభలోను, పిదప మండల ప్రజావేదికలోను చదివినారు. 2009లో రాష్ట్రము ఈ పనికి ప్రత్యేక సంస్థనే నెలకొల్పినది. 2011లో కేంద్రము చేసిన నిబంధనలతో ఇది దేశమంతటా తప్పనిసరి అయినది.

ఫలితమును మరీ పెంచి చెప్పరాదు. దుర్వినియోగమైనదని తేలిన సొమ్ములో తిరిగి రాబట్టినది కొంత భాగమే. ఆ సంగతియు దాగలేదు. తనిఖీ నివేదికలు సైతము వెబ్‌సైటుకు ఎక్కినవి. తేలినది ఎంత, వసూలైనది ఎంత అని తీసివేత చేసి చూచుకొనవచ్చును.