ఎ బ్రోకెన్ ఫ్రేమ్: డిపెష్ మోడ్ రెండో ఆల్బం

‘ఎ బ్రోకెన్ ఫ్రేమ్’ ఇంగ్లండుకు చెందిన సింథ్-పాప్ బృందం డిపెష్ మోడ్ రెండో స్టూడియో ఆల్బం. మ్యూట్ రికార్డ్స్ సంస్థ దీన్ని 1982 సెప్టెంబరు 27న విడుదల చేసింది. ఇందులోని పది రచనలూ మార్టిన్ గోర్‌వే. 1981లో వచ్చిన తొలి ఆల్బం ‘స్పీక్ అండ్ స్పెల్’లోని పదకొండింటిలో గోర్ రాసినవి రెండు మాత్రమే, మిగతా తొమ్మిదీ విన్స్ క్లార్క్‌వి. ఏడాది తిరిగేలోగా బృందం రచయిత పూర్తిగా మారిపోవడమే ఈ ఆల్బం కథకు మూలం.

లండనుకు తూర్పున ఎసెక్స్‌లోని బాసిల్డన్ పట్టణంలో ఈ బృందం పుట్టింది. గిటార్ల స్థానంలో సింథసైజర్లు పెట్టుకుని, గాయకుడు డేవ్ గాన్‌ను ముందు నిలిపి, క్లార్క్ అల్లిన హుషారు పాటలతో చార్టుల్లోకి ఎక్కింది. ‘జస్ట్ కాంట్ గెట్ ఎనఫ్’ బ్రిటన్‌లో 8వ స్థానం దాకా వెళ్లింది. అయితే పత్రికల వాళ్ల ప్రశ్నలు, వరుస పర్యటనలు, పేరుతో వచ్చే హడావిడి క్లార్క్‌కు గిట్టలేదు. 1981 చివర్లో అతడు బృందం వదిలేశాడు. గాన్, గోర్, ఆండ్రూ ఫ్లెచర్ మిగిలారు. పాటలు రాసేవాడే వెళ్లిపోయాక ఈ ముగ్గురూ ఎంతకాలం నిలుస్తారన్న అనుమానం సంగీత పత్రికలకు సహజంగానే వచ్చింది.

దానికి మొదటి జవాబు ‘సీ యు’. గోర్ కుర్రతనంలోనే రాసిపెట్టుకున్న ఈ పాట 1982 జనవరి చివర సింగిల్‌గా వచ్చి 6వ స్థానానికి చేరింది. క్లార్క్ ఉన్న రోజుల్లో ఏ సింగిల్‌కూ ఆ స్థానం దక్కలేదు. ఏప్రిల్‌లో వచ్చిన ‘ది మీనింగ్ ఆఫ్ లవ్’ 12 దగ్గర, ఆగస్టులో వచ్చిన ‘లీవ్ ఇన్ సైలెన్స్’ 18 దగ్గర ఆగాయి. మూడింటికీ వీడియోలు తీసినవాడు జూలియన్ టెంపుల్. ఇదే సమయంలో క్లార్క్, గాయని అలిసన్ మొయేతో కలిసి యాజూ అనే జంటను ఏర్పరచి, ‘ఓన్లీ యు’తో 2వ స్థానం అందుకున్నాడు. విడిపోయినా అతడు దూరమేమీ పోలేదు: అదే మ్యూట్ సంస్థ, డిపెష్ మోడ్ రికార్డింగులు చేసుకున్న అదే బ్లాక్‌వింగ్ స్టూడియో. యాజూ తొలి ఆల్బం ‘అప్‌స్టెయిర్స్ ఎట్ ఎరిక్స్’ పేరులోని ఎరిక్, ఆ స్టూడియో నడిపిన ఎరిక్ రాడ్‌క్లిఫే.

బ్లాక్‌వింగ్ ఆగ్నేయ లండన్‌లో, ప్రార్థనలు ఆగిపోయిన ఒక పాత చర్చిలో ఉండేది. ‘ఎ బ్రోకెన్ ఫ్రేమ్’ రికార్డింగు అక్కడే జరిగింది. మ్యూట్ స్థాపకుడు డేనియల్ మిల్లర్ బృందంతో కలిసి నిర్మాణ బాధ్యత చూశాడు. అప్పటికే కచేరీలకు మరో కీబోర్డు మనిషి అవసరమై, ‘మెలొడీ మేకర్’ పత్రికలో ప్రకటన ఇచ్చి అలన్ వైల్డర్‌ను తీసుకున్నారు. 21 ఏళ్ల లోపు వాళ్లే కావాలని ప్రకటనలో ఉండగా, 22 ఏళ్ల వైల్డర్ వయసు తగ్గించి చెప్పాడు. శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న అతనికి వాయిద్యం మీద మిగతా ముగ్గురికంటే పట్టెక్కువ. అయినా వేదికకే పరిమితం చేసి, స్టూడియోకు రానివ్వలేదు. క్లార్క్ లేకున్నా ఈ పని తమ వల్ల అవుతుందని ముగ్గురూ రుజువు చేసుకోదలిచారు. పట్టుదలను అర్థం చేసుకోవచ్చు గానీ, పాటల అమరికలో కొన్నిచోట్ల కనిపించే పలుచదనానికి ఆ నిర్ణయం కూడా కొంత కారణమే.

వరసగా వింటే ఆల్బం రెండు చేతుల రాతలా ఉంటుంది. ‘సీ యు’, ‘ది మీనింగ్ ఆఫ్ లవ్’, ‘ఎ ఫొటోగ్రాఫ్ ఆఫ్ యు’ తేలికపాటి ప్రేమపాటలు. క్లార్క్ వదిలిన బాటలోనే నడుస్తాయి. ‘శాటిలైట్’లో రెగే లయ వినిపిస్తుంది. ‘నథింగ్ టు ఫియర్’కు సాహిత్యం లేదు, వాద్యాలే. ‘షుడంట్ హావ్ డన్ దట్’ను గాన్, గోర్ కలిసి పాడారు. అసలు బలమంతా రెండు చివర్లలో ఉంది. మొదటి పాట ‘లీవ్ ఇన్ సైలెన్స్’, ఆఖరి పాట ‘ది సన్ అండ్ ది రెయిన్‌ఫాల్’ నెమ్మదిగా, చీకటిగా సాగుతాయి. తర్వాతి దశాబ్దంలో ప్రపంచం ఎరిగిన డిపెష్ మోడ్ ధోరణి ఈ రెంటిలోనే మొదట స్పష్టంగా వినబడుతుంది.

అట్టబొమ్మకు పాటలకంటే ఎక్కువ మన్నన దక్కిందనాలి. బ్రయన్ గ్రిఫిన్ తీసిన ఈ చిత్రంలో మబ్బు కమ్మిన ఆకాశం కింద, తలకు గుడ్డ కట్టుకున్న స్త్రీ కొడవలితో పంట కోస్తూ ఉంటుంది. చూడ్డానికి తైలవర్ణ చిత్రమనిపించినా ఇది ఫొటోయే. ఇంగ్లండు తూర్పు ప్రాంతపు పొలంలో, పగటి వెలుగుకు దీపాల వెలుగు జోడించి తీశారు. సోవియట్ సామ్యవాద చిత్రకళ దీనికి ప్రేరణ. తర్వాత ‘లైఫ్’ పత్రిక 1980ల మేటి ఛాయాచిత్రాల సంచికకు దీన్నే ముఖచిత్రంగా వేసుకుంది. మూడో ఆల్బం ‘కన్‌స్ట్రక్షన్ టైమ్ అగైన్’ అట్ట మీదికి, అదే గ్రిఫిన్ కెమెరాతో, మంచుకొండ ముందు సుత్తి ఎత్తిన మనిషి వచ్చాడు. రెండు అట్టలూ పక్కపక్కన పెడితే కొడవలీ సుత్తీ జతపడతాయి.

ఆల్బం బ్రిటన్‌లో 8వ స్థానానికి చేరి, 10 దగ్గర ఆగిన తొలి ఆల్బంను దాటింది. అమెరికాలో సైర్ సంస్థ విడుదల చేసినా అక్కడ పెద్దగా కదలిక లేదు. విమర్శకుల్లో ఏకాభిప్రాయం కుదరలేదు. బృంద సభ్యులు కూడా తరవాతి కాలంలో దీన్ని తమ బలహీనమైన పనుల్లో ఒకటిగానే చెప్పుకొచ్చారు.

ముగ్గురి పట్టుదల ఎక్కువకాలం సాగలేదు. వైల్డర్ 1982 ముగిసేలోగా పూర్తిస్థాయి సభ్యుడయ్యాడు. 1983 జనవరిలో వచ్చిన ‘గెట్ ది బ్యాలెన్స్ రైట్’ అతడు స్టూడియోలో పాల్గొన్న తొలి సింగిల్. ఈ ఆల్బం పాటలకు అతడి వాయింపు మాత్రం 1982 అక్టోబరులో లండన్ హామర్‌స్మిత్ ఓడియన్ కచేరీలో రికార్డయింది. అందులో కొన్ని ఆ సింగిల్ పరిమిత ముద్రణలో వెలువడ్డాయి. 2006లో ఆల్బంను తిరిగి విడుదల చేసినప్పుడు, 1982 నాటి సంగతులతో తీసిన డాక్యుమెంటరీని డీవీడీగా జతచేశారు.